రైక్స్‌మ్యూజియంలో పాత రూపచిత్రాలనూ చలికాలపు చిత్రాలనూ ఎలా చూడాలి?

ప్రశ్న: తెనాలి వాసి

అందరికీ నమస్కారం. నేను ఆరేళ్లుగా నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉంటున్నాను. ఈ డిసెంబరులో మా అమ్మానాన్నలు తెనాలి నుంచి మొదటిసారి మా దగ్గరికి వస్తున్నారు. నాన్నగారు ఉన్నత పాఠశాలలో ముప్పై రెండేళ్లు సాంఘికశాస్త్రం బోధించి పదవీవిరమణ చేశారు. అమ్మ పుట్టిల్లు పెడన. మా తాతగారు కలంకారీ అచ్చులు వేసేవారు కాబట్టి ఆమెకు చిన్నప్పటి నుంచీ గుడ్డ సంగతీ రంగు సంగతీ బాగా తెలుసు. ఇద్దరినీ ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియానికి తీసుకువెళ్లాలని నాకు చాలాకాలంగా ఉన్న కోరిక.

నా ఇబ్బంది ఏమిటంటే, నేను ఇంతకుముందు రెండుసార్లు అక్కడికి వెళ్లినా, రెండుసార్లూ తృప్తి లేకుండానే బయటికి వచ్చాను. నల్లని దుస్తులు, తెల్లని మెడపట్టీలు ధరించి మనవైపు చూస్తున్న మనుషుల చిత్రాలు గదుల నిండా ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడ గడ్డకట్టిన కాలువలు, ఆకులు రాలిన చెట్లు, మంచు మీద జారుతున్న జనం కనిపించారు. దేనికది అందంగానే ఉంది గాని, ఇరవై చిత్రాలు దాటేసరికి అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఇంటికి వచ్చాక ఒక్క ముఖం కూడా గుర్తు రాలేదు. నాన్నగారు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రతి వస్తువు ముందూ ఆగి, దాని కింద రాసినదంతా చదివి మాకు వివరించి చెప్పిన మనిషి. ఆయన ‘ఎవరు ఈయన, ఇందులో చూడవలసింది ఏమిటి’ అని అడిగినప్పుడు నా దగ్గర ఒక మాట ఉండాలని కోరుకుంటున్నాను.

రూపచిత్రాన్ని ఎలా చూడాలి? చలికాలపు దృశ్యంలో దేనికోసం వెతకాలి? ఈ రెండు రకాల చిత్రాలకూ పరస్పరం ఏమైనా సంబంధం ఉందా, లేక ఒకే కాలంలో పుట్టడం వల్ల పక్కపక్కన ఉన్నాయా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: చిత్రలేఖ

నేను చిత్రలేఖనం బోధిస్తాను. రైక్స్‌మ్యూజియాన్ని నాలుగుసార్లు చూశాను, చివరిసారి మూడు రోజులు వరుసగా వెళ్లాను. నా అభిప్రాయం మొదటే చెబుతాను: ఇరవై రూపచిత్రాలు చూడకండి, నాలుగు చూడండి. ఒక్కొక్కదాని ముందు పది నిమిషాలు గడపండి. ముఖాలన్నీ ఒకటిగా కలిసిపోవడం మీ లోపం కాదు. ఎవరి ఇంటి గోడకో, ఏదో ఒక సంఘం సమావేశ మందిరానికో విడివిడిగా రాయించుకున్న చిత్రాలను ఒకే శాలలోకి చేర్చినప్పుడు అలాగే జరుగుతుంది.

మొదట, 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ తనను తాను చిత్రించుకున్న 1628 నాటి చిన్న పలకను చూడమని చెబుతాను. అది చేతి వెడల్పుకు కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. కళ్లు నీడలో ఉంటాయి, వెలుగు చెంప అంచునూ మెడనూ మాత్రమే తాకుతుంది. ఎవరికైనా ‘ముఖం చూపించు’ అంటే కళ్లు చూపిస్తారు. ఈ కుర్రవాడు కళ్లు దాచి, వెలుగు ఎక్కడ ఆగుతుందో చూపించాడు. జుట్టు దగ్గరికి వెళ్లి చూస్తే, తడి రంగు మీద కుంచె వెనుక కొసతో గీరి ఉంగరాల వెంట్రుకలు తీశాడని తెలుస్తుంది. తరువాత 1661లో, యాభై అయిదేళ్ల వయసులో తనను క్రైస్తవ మత తొలి ప్రచారకుల్లో ఒకడైన పాల్ అపోస్తలుడిగా చిత్రించుకున్నది కూడా అదే మ్యూజియంలో ఉంది. ఈ రెండింటి మధ్య ముప్పై మూడేళ్లు గడిచాయి. ఆ ముఖంలో ఏం మారిందో మీ నాన్నగారినే అడగండి. పాఠం చెప్పిన మనిషి కాబట్టి ఆయన చెప్పేది మీరు వినవలసిందే.

రెండోది, ఫ్రాన్స్ హాల్స్ 1622 ప్రాంతంలో వేసిన ఇసాక్ మస్సా, బియాట్రిక్స్ దంపతుల చిత్రం. మస్సా రష్యాతో వర్తకం చేసిన హార్లెం నగరవాసి. ఆ రోజుల్లో భార్యాభర్తలను చాలావరకు రెండు వేరు వేరు చిత్రాలుగా, బిగుసుకుని నిలబడిన భంగిమలో చిత్రించేవారు. హాల్స్ ఇద్దరినీ ఒకే కాన్వాసు మీద, తోటలో చెట్టు కింద పక్కపక్కన కూర్చోబెట్టాడు. ఆమె చేయి అతని భుజం మీద వాలి ఉంది, ఇద్దరి పెదవుల మీదా చిరునవ్వు ఉంది. పక్కన పాకుతున్న ఐవీ తీగ, అతని వైపున్న ముళ్ల మొక్క రెండూ అప్పటి చూపరులకు దాంపత్య నిష్ఠను సూచించే గుర్తులు. మన పెళ్లిపందిట్లో అరటిబోదె ఎందుకు ఉందో మనకు ఎవరూ చెప్పనక్కరలేనట్టే, వాళ్లకు ఆ ఐవీ తీగ గురించి ఎవరూ చెప్పనక్కరలేదు.

మూడోది మీ అమ్మగారికోసం. రెంబ్రాంట్ 1662లో పూర్తి చేసిన ‘స్టాల్‌మేస్టర్స్’ చిత్రంలో అయిదుగురు పెద్దమనుషులూ వెనుక టోపీ లేని ఒక సేవకుడూ ఉంటారు. ఆ అయిదుగురూ బట్టల వర్తకుల సంఘం తరఫున, అద్దకం వేసిన ఉన్నిబట్ట నాణ్యతను నమూనా ముక్కలతో పోల్చి చూసి నిర్ణయించే అధికారులు. ఎవరో గదిలోకి అడుగుపెట్టినట్టు అందరూ తల ఎత్తి మనవైపు చూస్తారు. వారిలో ఒకరు సగం లేచి ఉన్నారు. కూర్చోబోతున్నారా, లేవబోతున్నారా అన్నది మీరు నిర్ణయించుకోవాలి. ఎక్స్‌రే పరీక్షల్లో రెంబ్రాంట్ ఈ మనుషుల స్థానాలను పలుమార్లు మార్చాడని బయటపడింది. బల్ల మీద పరిచిన ఎర్రని తివాచీ మీద వెలుగు ఎలా పడిందో కూడా గమనించండి.

నలుపు సంగతి ఒక్క మాట. ఈ చిత్రాల్లో అందరూ నలుపే వేసుకున్నారని విసుగుపడే ముందు, నలుపులో ఎన్ని నలుపులు ఉన్నాయో లెక్కపెట్టండి. పట్టు నలుపు మెరుస్తుంది, మఖ్మల్ నలుపు వెలుగును మింగేస్తుంది, ఉన్ని నలుపు మందంగా, బూడిద పూసినట్టు ఉంటుంది. వాడిపోని నల్లరంగు పట్టించడం అప్పుడు ఖరీదైన పని. ముందు నీలిలో ముంచి, దాని మీద నలుపు అద్దితేనే మేలైన రంగు వచ్చేది. ఆ నలుపు మీద గంజి పెట్టి మడతలు మడతలుగా నిలబెట్టిన తెల్లని మెడపట్టీ, దాని అంచున లేసు కనిపిస్తాయి. ఆ తెలుపును రోజూ నిలబెట్టాలంటే ఇంట్లో ఉతికేవారూ ఇస్త్రీ చేసేవారూ ఉండాలి. నిరాడంబరంగా కనిపించే దుస్తులే ఆ ఇంటి కలిమిని చెప్పేవి.

నగర కాపలాదళాన్ని రెంబ్రాంట్ చిత్రించిన ‘నైట్ వాచ్’ (రాత్రి కాపలా) చిత్రాన్ని చివరికి ఉంచుకోండి. 1642 నాటి ఆ చిత్రం నిజానికి రాత్రి దృశ్యం కాదు. పాతబడి నల్లబారిన వార్నిష్ వల్ల తరువాతి కాలంలో ఆ పేరు స్థిరపడింది. 1715లో ఆమ్‌స్టర్‌డామ్ పురమందిరంలో ఒక గోడకు సరిపోలేదని నాలుగు వైపులా అంచులు కోసేశారు, ఎడమవైపు ఎక్కువగా పోయింది. ఇది చెప్పినప్పుడల్లా నా విద్యార్థుల ముఖాలు వాడిపోతాయి. 2019 నుంచి దాని పరిశోధన, సంరక్షణ పనులు సందర్శకుల కళ్ల ముందే జరుగుతున్నాయి.

సమాధానం 2: ఐసెల్ గట్టు

చిత్రలేఖ గారు చెప్పినవన్నీ విలువైన మాటలు, నేను కూడా నేర్చుకున్నాను. అయితే ఒక్క విషయంలో వినయంగా విభేదిస్తాను. ముఖాలతో మొదలుపెట్టవద్దు, మంచుతో మొదలుపెట్టండి. డిసెంబరు చలిలో ట్రాము దిగి, చేతులు రుద్దుకుంటూ లోపలికి వచ్చిన మీ అమ్మానాన్నలకు ఆ రోజు అన్నిటికన్నా ముందు అర్థమయ్యేది చలి.

నేను పదకొండేళ్లుగా కాంపెన్ దగ్గర ఉంటున్నాను. ఐసెల్ నది ఒడ్డున ఉన్న ఈ చిన్న పట్టణంలోనే హెండ్రిక్ అవర్‌కాంప్ జీవించాడు. 1585లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి, పసితనంలోనే కుటుంబంతో ఇక్కడికి వచ్చి, చిత్రకళ నేర్చుకోవడానికి తిరిగి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి, మళ్లీ ఇక్కడికే వచ్చి 1634లో కన్నుమూశాడు. అతనికి మాట లేదు. అందుకే ఊరివాళ్లు ‘కాంపెన్ మూగవాడు’ అని పిలిచేవారు. నెదర్లాండ్స్‌లో చలికాలపు దృశ్యాలనే తన ప్రధాన వస్తువుగా తీసుకున్న మొదటి చిత్రకారుడు అతనే.

1608 ప్రాంతంలో అతను చెక్కపలక మీద వేసిన ‘మంచు మీద స్కేటింగ్ చేసేవారితో చలికాలపు దృశ్యం’ రైక్స్‌మ్యూజియంలో ఉంది. వెడల్పు సుమారు 132 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 77. మొదట ఆరడుగుల దూరంలో నిలబడి చూడండి. ఆకాశం అంచు చాలా పైకి ఉండటం వల్ల, మేడమీద నుంచి ఊరి చెరువును చూస్తున్నట్టు ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ రంగులు పలచబడి, చివరికి మనుషులూ చెట్లూ ఆకాశమూ ఒకే పాలబూడిద రంగులో కరిగిపోతాయి. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున మన పొలాల మీద పొగమంచు కమ్మినప్పుడు దూరపు తాటిచెట్లు ఎలా కనిపిస్తాయో అలాగే.

తరువాత దగ్గరికి వెళ్లి, ఎడమ వైపు కింది మూల నుంచి మొదలుపెట్టండి. పాత తలుపు చెక్కను ఏటవాలుగా ఒక కర్ర మీద నిలబెట్టి పక్షులను పట్టే ఉచ్చు ఉంటుంది. దానికి దగ్గరలోనే చచ్చిన జంతువు కళేబరాన్ని ఒక కుక్కా ఒక కాకీ తింటుంటాయి. అక్కడి నుంచి కుడికి జరిగితే పెద్ద ఇటుకల భవనం, మంచులో కొట్టిన రంధ్రం నుంచి నీళ్లు తోడుకోవడం, మంచులో బిగుసుకుపోయిన పడవ, స్కేటింగ్ చేస్తూ పడిపోయినవారు, చేతులు పట్టుకుని జారుతున్న జంటలు, కర్రతో బంతిని కొడుతూ కోల్ఫ్ ఆడుతున్నవారు, మరుగు చాలని చోట కాలకృత్యాలు తీర్చుకుంటున్న మనిషి కూడా కనిపిస్తాడు. కుడివైపు ఒక పాక చెక్క మీద, ఎవరో పిల్లవాడు గీసినట్టు, చిత్రకారుడు తన పేరు రాసుకున్నాడు. అది దొరికేదాకా మీ నాన్నగారిని అక్కడి నుంచి కదలనివ్వకండి.

ఇంతమంది బయట ఎందుకు ఉన్నారు? ఇక్కడే మీ మూడో ప్రశ్నకు సమాధానం ఉంది. 16, 17 శతాబ్దాల్లో ఐరోపాలో చలికాలాలు ఇప్పటికన్నా చాలా తీవ్రంగా ఉండేవి. చరిత్రకారులు ఆ కాలాన్ని చిన్న మంచుయుగం అంటారు. 1607-08 చలికాలంలో లండన్‌లో థేమ్స్ నది గడ్డకట్టి దాని మీద సంత పెట్టారు. నెదర్లాండ్స్‌లో రాకపోకలు ప్రధానంగా కాలువల మీదే సాగేవి. నీళ్లు గడ్డకడితే పడవలు ఆగిపోతాయి, సరుకు ఆగిపోతుంది, వంటచెరకు ధర పెరుగుతుంది. అదే సమయంలో ఊరంతా నడవగలిగిన ఒకే ఒక బయలు ఏర్పడుతుంది. ఆ మంచు మీద దొర జారుతాడు, పాలేరు జారుతాడు. గదుల్లోని రూపచిత్రాల్లో ఒక్కొక్కరుగా, బిగువుగా నిలబడినవారే ఇక్కడ చిటికెనవేలంత ఎత్తున, అందరితో కలిసి, కాలు జారి పడిపోతున్నారు. అదే నల్లని బట్ట, అదే తెల్లని మెడపట్టీ. వాటిని వెతికి పట్టుకోండి.

ఈ రెండింటినీ ఒకే చిత్రంలో కలిపినవాడు కూడా ఒకడున్నాడు. ఆడమ్ వాన్ బ్రేన్ 1618లో వేసిన చిత్రంలో హేగ్ నగరంలోని చెరువు గట్టున, చలికాలంలో, ముందు భాగంలో రాకుమారుడు మౌరిట్స్ పరివారంతో సహా నిలబడి ఉంటాడు. అది కూడా ఈ మ్యూజియం సేకరణలోదే. ప్రదర్శనలో ఉన్న చిత్రాలు మారుతుంటాయి కాబట్టి వెళ్లేముందు మ్యూజియం వెబ్‌సైటులో చూసుకోండి.

తరువాతి తరం చలికాలం వేరుగా ఉంటుంది. యాకోబ్ వాన్ రౌస్‌డాల్ 1665 ప్రాంతంలో వేసిన ‘చలికాలపు దృశ్యం’ చిన్న చిత్రం. అందులో జనం సందడి లేదు, ఆకాశం అంచు కిందికి దిగింది, నల్లమబ్బు సగానికి పైగా ఆక్రమించింది, ఒకరిద్దరు మనుషులు ఆ మబ్బు కింద చిన్నబోయి నిలబడ్డారు. నాకు రెండింటిలో ఇదే ఎక్కువ ఇష్టం. మొదటి నవంబరులో, ఎవరూ పరిచయం లేని ఊళ్లో, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతున్నప్పుడు నేను చూసిన ఆకాశం అది. అర్ట్ వాన్ డెర్ నేర్ చలికాలాలూ వెన్నెల రాత్రులూ చూడదగినవే.

రంగు గురించి ఒక హెచ్చరిక. కొన్ని పాత చిత్రాల్లో ఆకాశం మరీ బూడిదగా కనిపిస్తే, అది చిత్రకారుడి ఉద్దేశమే అని అనుకోవద్దు. కోబాల్టు కలిపిన నీలి గాజును పొడిచేసి తయారుచేసే స్మాల్ట్ అనే చవక నీలం రంగు నూనెలో కాలం గడిచేకొద్దీ వెలిసి బూడిదగా మారుతుంది.

ఇప్పుడు ఇక్కడ కాలువలు అలా గడ్డకట్టడం అరుదైపోయింది. ఫ్రీస్‌లాండ్‌లో పదకొండు పట్టణాలను కలుపుతూ సుమారు 200 కిలోమీటర్లు మంచు మీద సాగే స్కేటింగ్ పోటీ 1909లో మొదలైంది. చివరిసారి జరిగింది 1997 జనవరి 4న. మా పక్కింటి పెద్దాయన దాని గురించి మాట్లాడేటప్పుడు, మన పెద్దవాళ్లు ఎండిపోయిన చెరువు గురించి మాట్లాడేటట్టే మాట్లాడతాడు.

సమాధానం 3: అమ్మతో ప్రయాణం

నేను గత ఏడాది మా అమ్మగారిని తీసుకువెళ్లాను. మ్యూజియం రోజూ ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు వరకు తెరిచి ఉంటుంది. తొమ్మిదికే లోపల ఉండేటట్టు టికెట్టును ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. పదకొండు దాటితే ‘నైట్ వాచ్’ ముందు నిలబడటానికి చోటు దొరకడం కష్టం. పదిహేడో శతాబ్దపు చిత్రాలు రెండో అంతస్తులో ఉన్నాయి, లిఫ్టు ఉంది. మోకాళ్ల నొప్పులు ఉంటే చక్రాల కుర్చీ అడగడానికి మొహమాటపడవద్దు. మందపాటి కోట్లు కింద అప్పగించి వెళ్లండి, లోపల వెచ్చగా ఉంటుంది. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు. రెండు గంటలు చూసి, ఒక గంట కూర్చుని, ఓపిక ఉంటేనే మళ్లీ లేవండి.

సమాధానం 4: వలందపాలెం

పెద్దలు చెప్పినవాటికి చరిత్ర వైపు నుంచి కొంత చేర్చాలనుకుంటున్నాను. మీ నాన్నగారు సాంఘికశాస్త్రం ఉపాధ్యాయులనీ అమ్మగారిది పెడన అనీ చదివాక ఆగలేకపోయాను.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడింది. 1606లో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా అనుమతితో మచిలీపట్నంలో వర్తకం స్థిరపరచుకుంది. హైదరాబాదు కట్టించిన సుల్తాను ఆయనే. అంటే అవర్‌కాంప్ ఆ మంచు దృశ్యాన్ని చిత్రిస్తున్న రోజుల్లోనే అతని దేశపు ఓడలు మన బందరు రేవులో లంగరు వేసి ఉన్నాయి. హాలెండువారిని మనవాళ్లు వలందులు అన్నారు. ఆ పేరు బందరులో వలందపాలెంగా నేటికీ నిలిచి ఉంది, నా పేరు కూడా అక్కడిదే. నేటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచలో కూడా 17వ శతాబ్దంలో వారి వర్తకశాల ఉండేది.

వారు మన తీరం నుంచి ముఖ్యంగా కొన్నది గుడ్డలు, నీలి. కృష్ణా ముఖద్వారం దగ్గర పండే చిరివేరుతో వేసిన ఎర్ర అద్దకం వెలిసిపోదని పేరు. డచ్చి భాషలో మన అద్దకపు గుడ్డను ‘సిట్స్’ అంటారు. మన ‘చీటిగుడ్డ’లోని చీటి మాటకూ దానికీ మూలం ఒకటే. ఈ మ్యూజియం సేకరణలో కోరమాండల్ తీరపు సిట్స్ వస్త్రాలు ఉన్నాయి. చిత్రలేఖ గారు నలుపు కింద నీలి ఉంటుందన్నారు. ఏ పెద్దమనిషి అంగీలో ఏ దేశపు నీలి ఉందో చిత్రాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. అందువల్ల అది మనదే అనే మాట నేను అనను. అయినా ఆ బట్టల అధికారుల బల్ల ముందు పెడన ఆడపడుచు నిలబడి చూడటం నాకు ఎంతో ముఖ్యంగా తోస్తోంది.

రూపచిత్రాల విషయంలో ఇంకా నేరుగా కలిసే ముడి ఒకటి ఉంది. 17వ శతాబ్దపు చివరి పాదంలో, 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలుచుకోవడానికి కొద్దిగా ముందు, గోల్కొండ చిత్రకారులు మొగలాయి పాదుషాల, దక్కను సుల్తానుల రూపచిత్రాలతో సంపుటాలు తయారుచేసి ఐరోపావారికి అమ్మేవారు. వాటిలో ఒకటి ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలకుడు నికొలాస్ విట్సెన్ చేతికి చేరింది. 49 చిన్న చిత్రాలున్న ఆ విట్సెన్ సంపుటం నేడు రైక్స్‌మ్యూజియంలోనే ఉంది. కాగితం మీది రంగులు వెలుగుకు చెడిపోతాయి కాబట్టి ఇటువంటివాటిని అన్నివేళలా ప్రదర్శనలో ఉంచరు, కాని వెబ్‌సైటులో చూడవచ్చు. రామదాసు కథలోని తానీషా కాలపు హైదరాబాదులో కుంచె పట్టినవాళ్ల పని అది. వారి పేర్లు మనకు మిగలలేదు. ఆ చిత్రాల్లో ముఖం పక్కకు తిరిగి ఉంటుంది, నీడ ఉండదు, మనిషి గుర్తు పోలికలోనూ ఆభరణంలోనూ ఉంటుంది. రెంబ్రాంట్ ముఖాన్ని నీడతో కట్టాడు, వీరు గీతతో కట్టారు. 1656-61 మధ్య రెంబ్రాంట్ స్వయంగా మొగలాయి చిత్రాలను ముందు పెట్టుకుని, జపాను కాగితం మీద ఇరవైకి పైగా రేఖాచిత్రాలు గీశాడు. ఆ వయసులో, అంత పేరు వచ్చాక, వేరే దేశపు గీతను కూర్చుని నేర్చుకున్నాడు.

మరొక మాట చెప్పకుండా ఉండలేను. ఆ నల్లబట్టల వెనుక ఉన్న కలిమి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. 1634లో రెంబ్రాంట్ నిలువెత్తున చిత్రించిన మార్టెన్ సోల్‌మాన్స్, ఓప్యెన్ కోపిట్ దంపతుల చిత్రాలను 2016లో నెదర్లాండ్స్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు కలిసి 160 మిలియన్ యూరోలకు కొన్నాయి. అవి ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ పారిస్‌లోనూ వంతులవారీగా ఉంటాయి. మార్టెన్ కుటుంబానిది చక్కెర శుద్ధి వ్యాపారం. ఆ చక్కెర బ్రెజిల్‌లో ఆఫ్రికన్ బానిసల శ్రమతో పండిన చెరకు నుంచి వచ్చింది. రైక్స్‌మ్యూజియమే 2021లో బానిసత్వం మీద పెద్ద ప్రదర్శన పెట్టి ఈ సంగతిని చెప్పింది. మన కోరమాండల్ తీరం నుంచి కూడా కరువు రోజుల్లో డచ్చివారు మనుషులను కొని బటేవియాకు (నేటి జకార్తా) తరలించారు. ఆ మనుషులకు రూపచిత్రాలు లేవు. మెడపట్టీ అందాన్ని మెచ్చుకోవడానికి ఇది అడ్డం రానక్కరలేదు గాని, పాఠం చెప్పిన ఉపాధ్యాయుడి దగ్గర దీన్ని దాచకూడదు.

తెనాలి వాసి (ప్రశ్న అడిగినవారు)

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న వెళ్లి వచ్చాం. ఐసెల్ గట్టు గారి మాట ప్రకారం మంచుతో మొదలుపెట్టి, చిత్రలేఖ గారు చెప్పినట్టు నాలుగు ముఖాలతో ముగించాం.

అవర్‌కాంప్ చిత్రం ముందు నేను ఏమీ చెప్పకముందే అమ్మ ఆ తలుపు చెక్క ఉచ్చును గుర్తుపట్టింది. ‘గంప కింద పుల్ల నిలబెట్టి, దానికి తాడు కట్టి, లోపల నూకలు చల్లేవాళ్లం, పిచ్చుక లోపలికి రాగానే మా అన్నయ్య తాడు లాగేవాడు’ అంది. ఆ తాడు చివర పట్టుకున్న మనిషి ఎక్కడున్నాడో చాలాసేపు వెతికింది. నాన్నగారు పాక మీది పేరు కనిపెట్టడానికి పావుగంట పట్టింది. నన్ను చూపించనివ్వలేదు.

బట్టల అధికారుల ముందు మాత్రం ఇద్దరూ మాట్లాడలేదు. కొంతసేపటికి అమ్మ నెమ్మదిగా, తాతగారు కూడా గుడ్డ మీద తీర్పు చెప్పేముందు ఇలాగే తల ఎత్తి ఎదుటి మనిషి ముఖం చూసేవారని చెప్పింది. బేరగాడు నాణ్యత తెలిసినవాడో కాదో ముఖంలోనే తెలుస్తుందని ఆయన అనేవారట. మా తాతగారి గురించి ఈ మాట నేను మొదటిసారి విన్నాను. మా ఇంట్లో ఆయన ఫొటో కూడా ఒక్కటే ఉంది, ఎవరి పెళ్లిలోనో వెనుక వరసలో నిలబడినది.

రాత్రి ఇంటికి వచ్చాక విట్సెన్ సంపుటాన్ని కంప్యూటరు తెరమీద పెద్దదిగా చేసి చూశాం. నాన్నగారు ప్రతి చిత్రం కింది పేరు చదివి పుస్తకంలో రాసుకుంటూ పన్నెండు దాకా మేలుకుని ఉన్నారు. తిరిగి వెళ్లాక నాగులవంచ చూడాలని నిశ్చయించుకున్నారు. వలందపాలెం గారూ, ఆ డచ్చి వర్తకశాల ఆనవాళ్లు ఏమైనా ఇప్పటికీ ఊళ్లో కనిపిస్తాయా? ఖమ్మంలో దిగి వెళ్లడం మంచిదా, మధిర వైపు నుంచి దగ్గరా? డెబ్బై దాటిన మనిషి కాబట్టి ముందే కనుక్కుని పెట్టమంటున్నారు.